చీమల ఇంటి అడ్రసు

మామగారికి ఉన్నది ఒకటే పిచ్చి. కంటపడిన ప్రాణి ఇల్లెక్కడో తెలుసుకోవాలి. పేరు అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు, ఆరోగ్యం సంగతి అసలే అక్కర్లేదు. "ఇల్లెక్కడ?" అంటారు. చెబితే, "ఆ వీధిలో కుడి పక్కా, ఎడమ పక్కా?" అంటారు. అదీ చెబితే, "గేటు రంగేమిటి?" అంటారు. ముప్పై ఆరేళ్ళు ఉత్తరాలు పంచి రిటైరయిన పోస్టుమాన్ ఆయన. భుజం మీది సంచీ దిగింది గానీ బుర్రలోది దిగలేదు. వీధి వీధంతా ఆయన్ని అడ్రసుగారు అనే పిలిచేది.

కోడలికి ఈ పిచ్చి పెళ్ళికి ముందే రుచి చూపించారు. సంబంధం మాట్లాడటానికి వచ్చిన రోజున, అమ్మాయి ఏం చదివింది, ఏం చేస్తోంది అని తక్కినవాళ్ళు అడుగుతుంటే ఆయన మాత్రం, "మీ ఇంటికి వెనక వైపు నుంచి దారి ఉందా అమ్మా?" అని అడిగారు. పిల్ల ఎటు పారిపోతుందో ముందే చూసుకుంటున్నారనుకుని వాళ్ళ నాన్న కంగారుపడిపోయాడు.

ఒకసారి ఎవరో పాపం పొరపాటున ఇంటికి ఫోన్ చేశాడు. రాంగ్ నంబరని పెట్టేస్తే ఆయన అడ్రసుగారు ఎందుకవుతారు? అరగంట మాట్లాడి, అవతలివాడు కుట్టుమిషన్ల షాపు పైన ఉంటాడని తేల్చుకున్నారు. "ఆ మెట్లలో ఎనిమిదోది విరిగింది, చూసుకుని దిగు నాయనా" అని చెప్పి మరీ పెట్టారు. ఇంకోసారి బస్సులో ఒకడు ఆయన జేబులో చెయ్యి పెట్టాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని అడిగింది కూడా అదే. దొంగ బెదిరిపోయి నిజం చెప్పేశాడు. "అయితే రెండు స్టాపుల ముందే దిగాల్సింది కదయ్యా!" అని ఆయన నొచ్చుకున్నారట.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లోకి చీమలు వచ్చాయి.

వచ్చినవి మంచి సమయం చూసుకుని వచ్చాయి. కోడలు ఆరేళ్ళు ఒకరి బేకరీలో పిండి కలిపి, ఇక చాలనుకుని ఉద్యోగం మానేసింది. ఇంటి వంటింట్లోనే పెద్ద ఓవెన్ పెట్టించుకుంది. కేకులు చేసి అమ్ముకోవడానికి అనుమతి కావాలని అర్జీ పెట్టింది. శనివారం తనిఖీకి ఆఫీసరమ్మ వస్తుంది. ఆవిడ సరేనంటే సరే, లేదంటే మళ్ళీ అర్జీ పెట్టుకోవడానికి ఆరు నెలలు ఆగాలి. దానికి ముందు వచ్చిన ఆదివారం పొద్దున్నే కోడలు వంటింట్లోకి అడుగుపెట్టేసరికి, గోడ మూల నుంచి వంటగట్టు మీదుగా చక్కెర డబ్బా దాకా చీమలు బారు కట్టి ఉన్నాయి. అదీ ఆషామాషీ బారు కాదు, వెళ్ళేవాటికి ఒక వరుస, వచ్చేవాటికి ఒక వరుస.

ఆమె పరుగున వెళ్ళి స్ప్రే కొనుక్కొచ్చి కసితీరా కొట్టింది. సాయంత్రానికి ఒక్క చీమ లేదు. సోమవారం పొద్దునకి ఒకటికి రెండు బారులు.

"ఈ చీమలు ఎవరింటి నుంచి వస్తున్నాయో తెలియాలి గానీ, వాళ్ళని మెట్ల మీద నిలబెట్టి కడిగేస్తాను!" అని మళ్ళీ స్ప్రే అందుకుంది.

మామగారు అడ్డం వచ్చారు. "కొట్టకమ్మా. స్ప్రే కొడితే దారిన పోయేవాళ్ళు పోతారు గానీ ఇంట్లో వాళ్ళు పోతారా?"

"మరేం చెయ్యమంటారు మామయ్యగారూ? శనివారం ఆఫీసరమ్మ వస్తోంది!"

"ఆవిడ ఇల్లెక్కడ?"

"మామయ్యగారూ!"

"సరే సరే. ముందు వీటి ఇల్లెక్కడో చూద్దాం."

ఆ పూట మామగారు వంటింట్లో బోర్లా పడుకున్నారు. అర్థంకాని చేతిరాతలు చదవడానికి ఉద్యోగంలో వాడిన భూతద్దం తీశారు. ఒక చీమను ఎంచుకుని దాని వెనకే గట్టు కింద నుంచి, గోడ వార నుంచి, వసారాలో నుంచి పాకుతూ పోయారు. మధ్యలో ఇంకో చీమ ఎదురై ఆ చీమతో మూతి మూతి ఆనించి మాట్లాడితే, "కబుర్లు తర్వాత, ముందు ఇంటికి పద" అని విసుక్కున్నారు. బస్సు డ్రైవరుగా రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చిన ఆయన కొడుకు, తండ్రి గుమ్మంలో దేకుతుండటం చూసి ఏమీ అడక్కుండా దాటుకుని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

అరగంట తర్వాత మామగారు మోకాళ్ళు దులుపుకుంటూ తిరిగొచ్చారు. మామూలుగా ఎవరి ఇల్లయినా దొరికితే లాటరీ తగిలినట్టు వెలిగిపోయే మొహం, ఆ రోజు వెలగలేదు.

"దొరికిందా? ఎవరిల్లు?" అంది కోడలు చీర కొంగు బిగిస్తూ.

మామగారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "మనిల్లేనమ్మా. నా మంచం కింద. బిస్కెట్ల డబ్బా ఒకటి దాచుకున్నాను. మూత సరిగ్గా పెట్టలేదు."

కోడలు కొంగు వదిలేసి అందుకుంది. ఇక ఆగలేదు. మామగారికి షుగరు. డాక్టరు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. ఆమె చక్కెర డబ్బాకి కాపలా కాసి, టీలో చెంచా లెక్కన కొలిచి ఇస్తుంటే, ఈయన మంచం కింద కొట్టు తెరిచారా? ఆ క్షణం నుంచి టీలో చక్కెర బందు. ఆదివారం ఇచ్చే చిన్న కేకు ముక్క బందు. కొడుకు నిద్ర లేచి తన వంతుగా ఒక గంట క్లాసు పీకాడు. మామగారు తల వంచుకుని అన్నీ పడ్డారు.

"తప్పేనమ్మా. ఇప్పుడు ముందు పని చూద్దాం. మనం వాళ్ళింటికి వెళ్ళక్కర్లేదు, పార్శిలు కడదాం. వాళ్ళే మోసుకుపోతారు" అన్నారు.

మందుల షాపు నుంచి బోరిక్ పొడి తెచ్చి పలచటి చక్కెర పాకంలో కలిపారు. పొడి చాలా కొద్దిగా వేశారు.

"ఇంకొంచెం వెయ్యండి, చస్తే చచ్చాయి" అంది కోడలు.

"ఘాటైతే దారిలోనే పడిపోతాయి. పార్శిలు ఇంటికి చేరదు. తిన్నవాడు నిదానంగా ఇంటికెళ్ళి, తక్కినవాళ్ళకి పెట్టి, రాణిగారికీ పెట్టాలి. అప్పుడే పని అయినట్టు" అన్నారు మామగారు. పాకంలో దూది ముంచి, మూతకి చిల్లులు పొడిచిన చిన్న డబ్బాల్లో పెట్టారు. వాటిని కేకుల సామాను దరిదాపుల్లో కాకుండా చీమల దారి పక్కనే సర్దారు. ప్రతి డబ్బా మీదా కాగితం అంటించి గుండ్రటి అక్షరాలతో రాశారు: "చీమల రాణిగారికి." అంతే. కింద అడ్రసు లేదు.

"అడ్రసేది?" అంది కోడలు వెటకారంగా.

"తొందరలో రాయలేదమ్మా" అన్నారు. ముప్పై ఆరేళ్ళ పోస్టుమాన్ నోట ఆ మాట వస్తే ఆమెకి అప్పుడే అనుమానం రావాలి. కానీ కోపంలో ఉన్న మనిషికి అనుమానానికి తీరికెక్కడ?

మంగళవారం పక్కింటి టీచరమ్మ వచ్చింది. ఆవిడ ఒంటరి మనిషి. ముప్పై ఏళ్ళు బళ్ళో పిల్లలకి శుభ్రత పాఠాలు చెప్పి, గోళ్ళు చూసి మార్కులు వేసి రిటైరయింది. ఇప్పటికీ ఎవరింటికి వెళ్ళినా ముందు గట్టు మీద వేలితో గీసి చూస్తుంది.

"చీమలటగా? ఇల్లు శుభ్రంగా ఉంటే చీమలెందుకొస్తాయమ్మాయ్? నా వంటింట్లో చీమ అడుగు పెట్టదు, వచ్చి చూసుకో" అంది. అంటున్నంతసేపూ ఆవిడ కళ్ళజోడు చట్రం మీద ఒక చీమ ఈ చెవి నుంచి ఆ చెవికి తీరిగ్గా నడుస్తోంది.

కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. మామగారు లేచి, "మాదేనండీ, మా ఇంటిదే" అంటూ దాన్ని వేలి కొనకు ఎక్కించుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు.

అది చాలదన్నట్టు, ఇల్లు ఇలా తగలబడుతుంటే మామగారు రోజూ పొద్దున్నే పానా, పాతగుడ్డ పట్టుకుని టీచరమ్మ ఇంటికి బయల్దేరేవారు. "ఆవిడ కుళాయి కారుతోందమ్మా" అనేవారు. గంటకి గానీ తిరిగి వచ్చేవారు కాదు.

బుధవారం కొంప మునిగింది. డబ్బాల చుట్టూ చీమలు నల్లగా మూగాయి. బారు రెండింతలయింది.

"మందు పెట్టారా, విందు పెట్టారా?" కోడలు ఏడుపు గొంతుతో తడిగుడ్డ తీసింది.

"తుడవకమ్మా, నీ కాళ్ళకి దణ్ణం! రావాలి. ఎంత మంది వస్తే అన్ని పార్శిళ్ళు ఇంటికెళ్తాయి. ఈ ఒక్క రోజూ ఓర్చుకో."

"శనివారం ఇలాగే ఉంటే?"

"ఉండదు. నేను పంపిన ఉత్తరం చేరకపోవడం ఇంతవరకూ లేదు."

ఆమె ఆ రోజంతా వంటింట్లోకి వెళ్ళలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుని, పాత యజమాని దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఏమని అడగాలో మనసులో వల్లె వేసుకుంది. గురువారం బారు పలచబడింది. సాయంత్రానికి అక్కడక్కడా దారి తప్పినట్టు రెండు మూడు తిరిగాయి. శుక్రవారం పొద్దున్న ఆమె గట్టు చూసింది, మూల చూసింది, గట్టు కింద దూరి చూసింది. ఒక్కటంటే ఒక్కటి లేదు. నేల మీదే కూలబడి, ఐదు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలి, "అమ్మయ్య" అంది. ఆ తర్వాత సబ్బునీళ్ళతో దారులన్నీ కడిగింది. మామగారు గోడ మూల పగుళ్ళలో సిమెంటు మెత్తారు.

శనివారం వచ్చిన ఆఫీసరమ్మ మహా గట్టి మనిషి. ఓవెన్ తలుపు తీసి చూసింది, పిండి డబ్బాలు మూత తీసి చూసింది, టార్చిలైటు వేసి మూలమూలా వెతికింది.

"పురుగూ పుట్రా ఏమైనా ఉన్నాయా?"

కోడలు మామగారి వైపు చూసింది. మామగారు ముందుకొచ్చి, "చీమలు ఉండేవండీ. నా తప్పే, మంచం కింద తిండి దాచాను. మందు పెట్టాం, పగుళ్ళు పూడ్చాం, చూడండి" అన్నారు.

ఆఫీసరమ్మ పగుళ్ళు చూసింది, ఆయన మొహం చూసింది. "దాచకుండా చెప్పారు, సంతోషం. అనుమతి ఇస్తున్నాను" అని సంతకం పెట్టింది. వెళుతుంటే మామగారు ఉండబట్టలేక ఆవిడ ఇల్లెక్కడో అడగనే అడిగారు. కోడలు కళ్ళు మూసుకుంది. ఆవిడ నవ్వి, గేటు రంగుతో సహా చెప్పి వెళ్ళింది.

అనుమతి వచ్చిన ఆనందంలో కోడలు ఒక కేకు చేసి, మొదటి ముక్క పక్కింటికి పట్టుకెళ్ళింది. టీచరమ్మ కేకు అందుకుని, గొంతు తగ్గించి, "మీ మామగారికి ఒక మాట నువ్వే చెప్పమ్మాయ్. వారం రోజులుగా మా వంటింటి కుళాయి బాగుచేస్తున్నారు. అది ఎప్పుడూ కారలేదు. మంచి మనిషి, మొహం మీద ఎలా చెప్పను? పైగా వచ్చినప్పుడల్లా గట్టు కూడా తుడిచి పోతారు. గట్టు ఇంకాస్త శుభ్రంగా ఉంటోందిలే అని నేనూ ఊరుకున్నాను" అంది.

ప్లేటు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళిన కోడలు, కారని కుళాయికి వారం రోజుల పనేమిటా అని సింకు కిందికి వంగి చూసింది. అక్కడ అచ్చం అలాంటి డబ్బా ఉంది. మీద అవే గుండ్రటి అక్షరాలు: "చీమల రాణిగారికి, టీచరమ్మగారి వంటిల్లు, సింకు వెనక గోడ, కుడి పక్క పగులు." పూర్తి అడ్రసు. అబద్ధం నోటితో ఆడగలిగారు గానీ, చేత్తో రాయలేకపోయారు పెద్దాయన. ఆమె గట్టు వైపు చూసింది. ఇప్పుడే టీ కలిపినట్టుంది, చక్కెర గట్టంతా చిందింది. టీచరమ్మ ఆ చక్కెర మీదే చెయ్యి ఆనించి నిలబడి, "చూశావా, చీమ లేదు" అంటోంది.

"లేదండీ, అద్దంలా ఉంది" అంది కోడలు. మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగుతో ఆ గట్టు తుడిచేసి ఇంటికి వచ్చింది.

మామగారి ముందు కేకు ముక్క పెట్టింది. చిన్నదే, కానీ మామూలు కన్నా కొంచెం పెద్ద చిన్నది.

"శిక్ష అయిపోయిందా అమ్మా?"

"మీ మంచం కింద ఏమీ లేదు మామయ్యగారూ. టీచరుగారింట్లో డబ్బా చదివాను."

ఆయన మొహంలో రంగు మారింది. "ఆవిడకి చెప్పేశావా?"

"చెప్పలేదు."

"అమ్మయ్య!" ఆయన వెనక్కి జారగిలబడ్డారు. "ఊరందరికీ శుభ్రత నేర్పిన మనిషమ్మా. కళ్ళు మసకేశాయి. చిందింది కనపడదు, పాకేది కనపడదు. మనింటికొచ్చిన చీమలు తన వంటింట్లోవే అని ఆవిడకి తెలిస్తే ఇంకేమైనా ఉందా? నువ్వు చూస్తే మెట్ల మీద నిలబెట్టి కడుగుతానని కూర్చున్నావు."

కోడలికి సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. చెయ్యని తప్పుకి వారం రోజులు చక్కెర లేని టీ తాగిన మనిషికి ఇంకో ముక్క కోయబోయి, షుగరు గుర్తొచ్చి ఆగింది. "మరి ఆవిడ కళ్ళ సంగతి?"

"సోమవారం కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను."

"ఒప్పుకున్నారా?"

"ఆవిడకని చెబితే వస్తుందా? నాకే చూపించుకోవాలన్నాను. ఒక్కణ్ణే వెళ్ళాలంటే భయమన్నాను. అక్కడికెళ్ళాక ఎలాగూ వచ్చారుగా, మీరూ ఒకసారి చూపించుకోండంటాను."

సోమవారం పొద్దున్న కోడలు మొదటి ఆర్డరు ఓవెన్‌లో పెట్టి కిటికీ దగ్గరికి వచ్చింది. వీధిలో టీచరమ్మ మామగారి మోచెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. గోడ మీద పాకే చీమని పది అడుగుల దూరం నుంచి పట్టే మనిషి, గాలిలో చేతులు తడుముకుంటూ ఆవిడ వెంట బుద్ధిగా నడుస్తున్నారు.

"ఇన్నాళ్ళూ అశ్రద్ధ చేశారేమిటండీ? అసలేం కనపడటం లేదు మీకు?" అని గదమాయించింది టీచరమ్మ.

"చీమ కనపడుతోందండీ" అన్నారు మామగారు దీనంగా. "దాని కాళ్ళు లెక్కపెట్టబోతేనే లెక్క తప్పిపోతోంది."