దేవుడి ఎండ

ఆటలమ్మ మచ్చలు పోవాలని చెల్లి ముఖానికి లేజర్ చేయించి పది రోజులైంది. ఈ రోజు చూపించడానికి తీసుకెళ్తే బుగ్గల నిండా చీము పట్టి ఉంది.

"ఎండలో తిరిగిందా? ఏమైనా రాశారా?" డాక్టర్ అడిగారు.

"ఎండలో తిరగనేదు బాబూ. ఏటీ రాయనేదు," అంది అమ్మ.

చెల్లి తల దించుకుంది. "ఆదివారం అమ్మ అరసవల్లి గుడికి తీసుకెళ్లి ఎండలో నిలబెట్టింది."

"అది మొక్కు కదా. సూర్నారాయణ సామి ఎదర ముసుగేసుకుంటారేటి? రాసింది సామి గంధమే."

మచ్చలు మునుపటికంటే లోతుగా పడవచ్చని డాక్టర్ నాతో మెల్లగా చెప్పారు.

జాగ్రత్తలన్నీ రాసి ఫ్రిజ్‌కు అంటించింది నేనే. దేవుడి ఎండ కూడా ఎండేనని రాయలేదు. తిరుగు ప్రయాణంలో అమ్మ, ఇది తగ్గితే చెల్లిని మళ్లీ అక్కడే నిలబెడతానని మొక్కుకుంది. ఆ కాగితం మీద ఇంకేం రాయాలో మీరే చెప్పండి.