“బతికున్నయా బేటీ?” అని అడిగే మా ఖలీల్ సార్

నిన్న పొద్దుగాల ఫోన్ ఎత్తిన బిడ్డ అట్లనే నిలబడిపోయింది.

“బాపూ, ఖలీల్ సార్ లేరంట. గుండె ఆగిందంట.”

మొన్ననే గదా మా ఇంట్ల చాయ్ తాగి పోయిండు!

తెల్వనోళ్లకు చెప్త. షామీర్‌పేట ల్యాబ్‌ల మా బిడ్డ స్వప్నకు పీహెచ్‌డీ గైడ్ ఆయన. నేను కండ్లకోయ కాలేజీ బస్ డ్రైవర్‌ని, చదివింది ఏడో క్లాసు. నాకు గూడ ఎంత ఓపికగ చెప్పిండో!

“భాయ్, కణం పైన రిసెప్టర్ ఉంటది. బయటికెల్లి వచ్చే సిగ్నల్‌ను పట్టేది గదే. మేం ఎంబడివడ్డ సిగ్నల్‌ను ఏ రిసెప్టర్ పట్టుతదో ఎవ్వరికి తెల్వదు. అందుకే గా రిసెప్టర్‌ను తయారుచేసే జీన్ ఏదో దొరకవట్టనీకి, వేల జీన్లు కాపీ కొట్టి, గుంపులు చేసి వేరే కణాలల్ల పెడ్తం. సిగ్నల్‌కు రంగు అంటిచ్చి పోస్తం. మెరిసిన గుంపును మళ్ల పంచుతం. ఆఖరికి ఒక్క జీన్ మిగలాలె.”

మొదటిసారి ఒక గుంపు మెరిసిందని బిడ్డ ఫోన్ చేస్తే, నేను దూద్ పేడాలు కొని ఉరికిన. ల్యాబంత పంచిన!

సార్ పేడా నోట్లేసుకొని మైక్రోస్కోప్‌ల చూసిండు.

“బతికున్నయా బేటీ?”

లేవు. సచ్చిన కణాలు ఏ రంగునైనా పీల్చుకొని మెరుస్తయంట.

బిడ్డ మొఖం మాడిపోయింది. సార్ ఇంకో పేడా తీస్కున్నడు.

“భాయ్, రిసెప్టర్ నకిలీ. పేడా మాత్రం అసలు!”

నిన్న ఆఖరి ప్లేట్ చూసే దినం. అండ్ల కణాలల్ల పెట్టింది ఒక్కటే జీన్. నిన్ననే చూడాలె, కణాలు ఇయ్యాల్టిదాక ఆగయి.

మేడ్చల్ ఖబ్రస్తాన్‌ల సార్‌కు మట్టి ఇచ్చిన. ఆడోళ్లు లోపలికి పోరు గదా, బిడ్డ గేటు బయటనే నిలబడ్డది. ఇంటికొచ్చి తల మీద నీళ్లు పోసుకున్నం.

“బాపూ, ఇప్పుడు ల్యాబ్‌కు పోతే తప్పా?”

“సార్ ఉంటే ఏమంటుండె?”

ఎంటనే బండెక్కింది.

ల్యాబ్ బయట నేను అటు ఇటు తిరిగిన. మెరవకుంటే? మెరిసి, మళ్ల సచ్చినయే అయితే? ఈసారి నవ్విచ్చెటోడు గూడ లేడు.

పొద్దుగూకంగ బయటికొచ్చింది. పానం ఆగక నేనే అడిగిన.

“బతికున్నయా బేటీ?”

తల ఊపింది. మెరిసినయంట. అన్ని బతికున్నయంట! ఆడనే ఏడ్చిన, నవ్విన, వాచ్‌మన్‌ను గూడ కావలిచ్చుకున్న.

ఇంకోసారి చేసి చూడాలెనంట, బయటి ల్యాబ్‌కు పంపి గా జీన్ ఏందో చదివిచ్చాలెనంట. మళ్ల నకిలీ అయితదేమోనన్న భయం ఇంక పోలే.

సార్, మీ కుర్సీ ముందల పేడా డబ్బా పెట్టిన. ఈసారి రెండూ అసలే.

ఇగ పరేషాన్ గాకుండ పండుకోండ్రి. అల్లా మీకు సల్లటి జాగ ఇయ్యాలె.