తెనాలిలో ఎర్రమట్టి

ఆ రోజుల్లో తెర మీద కనిపించేదంతా నిజమేనని నాకు గట్టి నమ్మకం. (మరీ పాతకాలం కాదు, నా తల మీద జుట్టున్న కాలం.) సివిల్ ఇంజనీరింగ్ చదివిన నేను ఆనకట్టలు కడతానని మావాళ్లు ఎదురుచూస్తుంటే, ఇళ్లు కొనేవాళ్ల కోసం మరుగుదొడ్డి పైపుల్లోకి కెమెరా పంపి, లోపల పగుళ్లున్నాయో లేవో చూసిచెప్పే ఉద్యోగంలో చేరాను. పెళ్లిచూపుల్లో మాత్రం ‘అబ్బాయిది కెమెరా పని’ అని అమ్మ క్లుప్తంగా చెప్పేది.

ఒంటరిగా వెళ్లిన మొదటి ఇల్లు తెనాలిలో. అమ్మేది ఒక మామ్మగారు. రేపల్లెలో ఆవిడ చెల్లెలి పక్కిల్లు అమ్మకానికొచ్చింది. ఇది అమ్ముడుపోతేనే అది కొనగలదు. కొనడానికి వచ్చింది భట్టిప్రోలు రైతు, ఆయన భార్య. మామ్మగారిచ్చిన మజ్జిగ తాగొచ్చి కెమెరాను పైపులోకి తోశాను. తెరంతా ఎరుపు. ఎంత దూరం తోసినా అదే ఎరుపు.

“పైపు పగిలిందండి. ఎర్రమట్టి లోపలికొచ్చేస్తోంది,” అన్నాను, పెద్ద డాక్టరు గొంతుతో.

“తెనాల్లో ఎర్రమట్టేంటి బాబూ? ఈ చుట్టుపక్కలంతా నల్లరేగడేగా!” అన్నాడు రైతు.

“కింది పొరల్లో ఉంటుందండి.” (ఆ పొర సంగతి అప్పటిదాకా నాకూ తెలీదు.)

“అయితే ఈ బేరం మనకొద్దు,” అంటూ ఆయన లేచాడు. మామ్మగారు అరుగు మీద కూలబడింది. “ఇంక నేను మా చెల్లి పక్కకి చేరినట్టే!”

చేసేదేంలేక కెమెరాను బయటకు లాగి కడుగుతుంటే, దాని అద్దం నిండా కుంకుమ.

“ఇదెవరు పెట్టారండీ?”

“నేనే బాబూ, నువ్వు మజ్జిగ తాగేటప్పుడు. కొత్త మిషను, పైగా అలాంటి చోటికి పోతోంది. వట్టి మొహంతో ఎలా పంపను? నీళ్లకి పోకుండా నెయ్యి కూడా కలిపా.”

రైతు నావైపు చూశాడు. “కింది పొరా బాబూ?”

నేను నేలను పరిశీలించాను. తర్వాత అద్దం తుడిచి మళ్లీ పంపితే, పైపు ఎక్కడా చిన్న పగులు లేకుండా, మా ఇంటి వంటగది కంటే శుభ్రంగా కనిపించింది. అయినా రైతుకి నామీద గురి కుదరలేదు. ఆయన భార్య మాత్రం నవ్వాపుకుని, “ఏవండీ, దొడ్లోకెళ్లే కెమెరాకే బొట్టెట్టి పంపిన మనిషి ఇల్లు పాడుచేసుకుంటుందా? మాట్లాడకుండా మంచిరోజు చూడండి,” అంది. నా చదువూ, కెమెరా కలిసి చెడగొట్టిన బేరం ఆ ఒక్కమాటతో కుదిరిపోయింది.

ఇప్పుడు బాపట్ల నుంచి రేపల్లె దాకా ఏ ఇంటికెళ్లినా, తెర కన్నా ముందు ఆ ఇంటి పెద్దావిడ వేళ్లు చూస్తాను. ఈమధ్య అందరి వేళ్లూ శుభ్రంగానే ఉంటున్నాయి. పనికి మంచిదే. అయినా ఎందుకో, అద్దం ఒకసారి తుడిచి, కాస్త నిరాశపడి, అప్పుడే పని మొదలుపెడతాను.