నెమలికి ముందు ఒక కాకి, ఒక బాతు

కిరసనాయిలులో ముంచిన కట్టరు గాజుపలక మీద కిర్రుమని పోతుంటే నా చెవులకు పండగే. ఇవాళ పొద్దున మా శేరిలింగంపల్లి ఫ్లాటు బాల్కనీలో ఆకుపచ్చ గాజు కోస్తుంటే, చందానగర్ బజారులో అద్దాల దుకాణం నడిపిన అంజయ్యగారు గుర్తొచ్చారు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన్ని ఎరగని మీకు ముందే ఒక సంగతి చెప్పాలి. నేను అబద్ధాలు బ్రహ్మాండంగా ఆడతాను. ఆయనకు అది బొత్తిగా చేతకాదు.

మా కంపెనీ కోకాపేటలో కొత్త అంతస్తు తీసుకున్నప్పుడు, ముందుగది గోడకు స్టిక్కరు అంటిద్దామన్నారు మా మేడమ్. నా నోరు ఊరుకుంటుందా? "మాది నాలుగు తరాలుగా గాజుముక్కలతో బొమ్మలు అతికే వంశమండీ. జమీందారుగారి స్నానాల గదిలో మా ముత్తాత అతికిన చేపను చూసి, పిల్లి గోడ గీరి గోళ్లన్నీ పోగొట్టుకుంది" అన్నాను. మేడమ్ నమ్మేశారు! "అయితే ఈ గోడ మీకే. నెమలిని చేయండి. ప్రారంభానికి నెలన్నర ఉంది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నెమలి రాకపోతే, పదిహేనేళ్లుగా ఆ కంపెనీలో నేను చెప్పిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

ఆ సాయంత్రమే అంజయ్యగారి దుకాణంలో కట్టరు పట్టాను. గీత సరిగా పడలేదని మళ్లీ గీశాను. పలక అడ్డదిడ్డంగా పగిలింది.

"ఏంది సార్, గట్ల రుద్దుతరు? గది గాజు, గిన్నె గాదు. ఒక్కసారి గీసి, కింది దిక్కు జర తట్టుండ్రి" అన్నారాయన.

"నెమలి బొమ్మ నేర్పండి అంజయ్యగారూ. ఎంతమందికి నేర్పి ఉంటారో!"

"నాకు గూడ రాదు సార్. కిటికీ అద్దాలు కోసుడే ఎరుక. ఫికర్ చెయ్యకుండ్రి, రెండు ఖరాబ్ చేద్దాం. మూడోది అయితది."

రాదని అంత హాయిగా చెప్పిన మనిషిని ఐటీ ఆఫీసుల్లో నేనింతవరకు చూడలేదు.

మొదటి చెక్క మీద నీలి గాజుముక్కలను మామూలు సిమెంటుతో అతికించాం. ఆరేసరికి గాజులోంచి సిమెంటు రంగు పైకి కనిపించి, నెమలి నల్లబడింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. "కాకి సార్! పిండం పెడితే ముడుతది." రెండోసారి తెల్ల సిమెంటు వాడాం. రంగు భగ్గున వెలిగింది! ఆ సంబరంలో తడి ఆరకుండానే నేను చెక్కను నిలబెట్టాను. ముక్కలు జారి మెడ పొట్టలోకి దిగింది. నెమలి బాతయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం బాతును అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగ నేర్చినం ఇయ్యాల" అని టీ చెప్పారు. ఇద్దరం చిన్నపిల్లల్లా మూడోదానికి ముక్కలు కోయడం మొదలుపెట్టాం.

ప్రారంభం రోజున మూడో నెమలి గోడ మీద ధగధగలాడింది. నేను పిలిస్తే అంజయ్యగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చి, ఒక మూల నిలబడ్డారు. నాలుగు తరాల కళాకారుడని చెప్పి మేడమ్ నాకు మైకిచ్చారు. ముత్తాత మీద ఇంకో కథ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మూల తెల్లచొక్కాను చూసి మింగేశాను.

"నెలన్నర క్రితం దాకా నేను కట్టరే ముట్టలేదండీ. అదిగో, ఆ అంజయ్యగారూ నేనూ రెండు పాడుచేసి, ఇది చేశాం."

"మరి ఆ చేప?" అన్నారు మేడమ్.

"చేపా అబద్ధమే, పిల్లీ అబద్ధమేనండీ."

ముందు మేడమే నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. "పైఅంతస్తుకు గుర్రం చేయగలరా?" అన్నారావిడ.

"ఎప్పుడూ చేయలేదండీ. రెండు పాడవుతాయి."

మూలనుంచి అంజయ్యగారు అందుకున్నారు. "గుర్రానికి నాలుగు కాళ్లుంటయ్ సార్. మూడు ఖరాబైతయనుకోండ్రి."

కోతలు కోయడం నేనింకా మానలేదు. కానీ ఏ కొత్త పని ఎత్తుకున్నా, పాడవబోయేవాటికి ముందుగా చోటు ఖాళీ చేసుకుంటాను.