సీటు మీద తువ్వాలు

ఆళ్లగడ్డలో ఇంట్లో కూర్చునే నంద్యాల బియ్యం మిల్లు సర్వర్ చూసుకుంటాండా. ఒకరోజు ఫోన్‌లో అలర్టు ఒకటే మోత: సర్వర్ మెమరీ నిండిపోయిందంట! తిట్టుకుంటా బస్సెక్కితే, ఖాళీ సీట్లన్నిటి మీదా ఎవరెవరో కిటికీలోంచి వేసిన తువ్వాళ్లే. నేను నిలబడినా. నా వెనకే ఎక్కిన అవ్వ ఒక తువ్వాలు పక్కకు నెట్టి కూర్చునింది.

"మనిషొస్తే తువ్వాలదేముంది నాయనా, కూచో," అనింది.

మిల్లులో చూస్తే అదే కత. సర్వర్ ఒకసారి చదివిన ఫైళ్లను, మళ్లీ పనికొస్తాయని ఖాళీ మెమరీలో పరుచుకునింది. వేరే పనికి జాగా కావాలంటే వాటిని అదే తీసేస్తాది. నేను పెట్టిన దిక్కుమాలిన అలర్టు తువ్వాళ్లను కూడా మనుషుల కింద లెక్కేస్తాండాది. దాన్ని సరిచేసి, తిరుగు బస్సు రాగానే కిటికీలోంచి నా తువ్వాలు వేసినా.

ఎక్కి చూస్తే దాని మీద అదే అవ్వ.

"నీదేనా నాయనా? మెత్తగా ఉండాది."