పుత్తూరులో నాకు కట్టు కట్టలేదు

రెండు నెలలుగా వేలు వాచి ఉంది. బెణికిందేమోనని ఈ రోజు కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు వెళ్లాను. కట్టు కట్టే పెద్దాయన వేలు నొక్కి, గుంటలు పడ్డ గోళ్లు చూసి, అడక్కుండానే నా ఫుల్‌హ్యాండ్స్ చొక్కా చేతిని పైకి లాగాడు. మోచేతి మీద సోరియాసిస్ మచ్చలు బయటపడ్డాయి. సిగ్గుతో చెయ్యి వెనక్కి లాక్కోబోయినా ఆయన వదల్లేదు.

“పొద్దున లేస్తానే వేళ్లు బిగుసుకుంటాయా?”

“అవును సామీ, మీకెట్ల తెలుసు?”

“ఇది బెణికింది గాదప్పా. ఈ తోలు జబ్బే కీళ్లకు దిగినట్టుండాది. నేను కట్టు కట్టను, డాక్టరుకు సూపించు.”

చర్మం జబ్బు కీళ్లలోకి కూడా దిగుతుందా! ఈ వేలి కోసమే ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. ఇద్దరి ముందూ మణికట్టు దాకా గుండీలు పెట్టుకునే కూర్చున్నాను.

డాక్టరుకు కూడా జబ్బు దాచిన ఘనుణ్ణి నేనొక్కణ్ణేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?