‘ఆయ్’ని ‘అవును’గా రాయించిన రోజు

అమలాపురం కలెక్టరేట్‌లో విచారణ జరిగిన రోజున నేను చేసిన తప్పు ఒక్క మాటలో ఉంది. ‘ఆయ్’ అంటే ‘అవును’ అని రాయించాను. అధికారుల వరసలో ఆ మాట వింటూ పెరిగినవాణ్ని నేనొక్కణ్నే. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే వీలు లేదు.

అది నా పదవీ విరమణకు ముందు ఏడాది వేసవి. శాసనసభ కమిటీల విభాగంలో సెక్షన్ ఆఫీసరుగా ఉన్నాను. గ్యాస్ గొట్టాల కోసం ప్రభుత్వ భూములు ఇవ్వడంపై విచారణకు ఒక కమిటీ కోనసీమ బయలుదేరితే, ఆ టూరు అడిగి వేయించుకున్నాను. మాది రాజోలు దగ్గర. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం కాలేజీకి వెళ్ళి చదువుకున్నాను. గోదావరి దాటగానే కారు అద్దం దించి, కొబ్బరితోటల నీడ మొహం మీద పడనిచ్చాను.

మా పని తీరు కొంచెం చెప్పాలి. కమిటీ ముందు చెప్పినదాన్ని సాక్ష్యం అంటారు. రిపోర్టర్లు వంతులవారీగా షార్ట్‌హ్యాండులో రాసుకుని, తర్వాత టైపు చేస్తారు. ఆ ప్రతిని సాక్షికి పంపుతాం. గడువులోగా దిద్దుబాట్లు రాకపోతే అదే ఖాయం. దాన్నుంచి సెక్షన్ ఆఫీసరు సారాంశం రాస్తాడు. సభ్యులు ఎక్కువగా చదివేది ఆ సారాంశమే. మాటల మధ్య వచ్చే అండీలూ ఊఁలూ తీసెయ్యడం మాకు అలవాటు. అదే పనితనం అనుకునేవాళ్ళం.

ఆ రోజు చివరి సాక్షి మంగతాయారు గారు. మామిడికుదురు వైపు ఒక ఊళ్ళో పుంత మీద, అంటే బళ్ళు నడిచే ఊరుమ్మడి దారి మీద, ఆవిడా మరికొందరు ఆడవాళ్ళూ కొబ్బరి పీచు ఆరబెట్టి మిల్లుకు వేస్తారు. ఆ పుంతలో వాల్వు స్టేషను కట్టి కంచె వెయ్యాలన్నది ప్రతిపాదన. బదులుగా మురుగు కాలవ అవతల స్థలం ఇస్తారు. అది పల్లం, వానొస్తే నీళ్ళు దిగవు. చైర్మన్ గారు ఓపికగా అన్నీ వివరించారు. ప్రతి వాక్యానికీ ఆవిడ తల వంచి “ఆయ్” అన్నారు. చివర్లో “అయితేనండీ...” అని మొదలుపెట్టేసరికి చైర్మన్ గారు నమస్కారం పెట్టి లేచారు.

మా రిపోర్టరు అనితది అనంతపురం వైపు. “సార్, ఈ ఆయ్‌ని ఏమని రాయాలి?” అని మెల్లగా అడిగింది. పక్క గదిలోంచి పనసపొట్టు కూర వాసన వస్తోంది. ఆ కూర రుచి చూసి ఎన్నేళ్ళయిందో. “అవును అని రాసెయ్యమ్మా” అని లేచాను.

సారాంశంలో నేను ఇంకో అడుగు వేశాను. ‘ప్రత్యామ్నాయ స్థలానికి సాక్షి అంగీకరించారు’ అని రాశాను. కమిటీ ముసాయిదా నివేదిక దాని మీదే నిలబడింది.

టైపు ప్రతి ఆవిడకు ఆలస్యంగా అందింది. ఆఫీసుకు ఫోన్ చేశారు.

“బాబుగారూ, నేనెప్పుడు ఒప్పుకున్నానండీ? పెద్దాయన చెప్తుంటే ఆయ్ అనకపోతే బాగోదు కదండీ. మా ఆయన దుబాయి నుంచి ఫోన్ చేసి పాడిగేదెని అమ్మెయ్యమన్నా ఆయ్ అంటానండీ. అమ్మేనేటండీ?”

నవ్వు వచ్చింది. అయినా గడువు దాటిపోయిందనీ ఇక దిద్దడం కుదరదనీ చెప్పాను. రూలు ప్రకారం నా జవాబు సరైనదే.

“ఆయ్,” అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆ ఆయ్‌కి ఒప్పుకోలు అని అర్థం కాదని నాకు తెలుసు. మా అమ్మ కూడా నాన్నగారు చెప్పినవన్నీ విని ఆయ్ అనేది, తర్వాత తనకు తోచిందే చేసేది. అది తెలిసీ అనిత చేత అలా రాయించాను.

మర్నాడు చైర్మన్ గారికి నోట్ పెట్టాను. పొరపాటు సాక్షిదీ కాదు, రిపోర్టరుదీ కాదు, నాదేనని రాశాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. “ఆ ఊళ్ళవాడివై ఉండి ఇదేం పనయ్యా” అన్నారు చైర్మన్ గారు. నివేదిక ఇంకా సభ ముందుకు వెళ్ళలేదు కనుక, కమిటీ ఈసారి పుంతలోనే కూర్చుని ఆవిడ చెప్పినదంతా వింది. ‘సాక్షి అంగీకరించలేదు’ అని నివేదిక మారింది. కమిటీ చెయ్యగలిగింది సిఫారసే. చివరికి సగం పుంతకు కంచె పడింది. మిగతా సగంలో ఇప్పటికీ పీచు ఆరుతోంది.

కొత్త రిపోర్టర్ల శిక్షణకు నన్ను పిలిచినప్పుడు మొదట చెప్పేది ఇదే: ఆయ్ అంటే ఆయ్ అనే రాయండి. ఆ మాట దగ్గర సాక్ష్యం అయిపోలేదు, ఇంకో ప్రశ్న ఉందని చైర్మనుకు చీటీ పంపండి.

రిటైరయ్యాక ఆ ఊరు వెళ్ళాను. మంగతాయారు గారు పీచు తిరగేస్తున్నారు. ఎండలో నిలబడి, ఆ రోజు భోజనానికి లేచిన సంగతితో సహా అంతా చెప్పి, క్షమించమన్నాను.

“ఆయ్,” అన్నారు ఆవిడ.

ఈసారి అడిగాను. “అంటే క్షమించినట్టా అమ్మా?”

“విన్నట్టండీ. ముందలా నీడకి రండి అన్నయ్యగారూ, బొండం కొట్టిస్తాను.”